బాదం గింజంత భయం

ఆర్మూర్ మార్కెట్‌లో పసుపు కొమ్ములు ఏరే ఆడవాళ్లలో భాగ్యవ్వ చెయ్యి అందరికన్నా చురుకు. పని కాగానే తన ఊరు వేల్పూర్‌కు ఆటో ఎక్కేది. మూడేండ్ల కింద ఆ ఆటోను హైవే మీద లారీ గుద్దింది. పక్కనే కూర్చున్న ఆమె స్నేహితురాలు చిన్నవ్వ అక్కడికక్కడే పోయింది. భాగ్యవ్వకు మోచెయ్యి విరిగింది.

చెయ్యి అతుక్కుంది గానీ, లారీ హారన్ వినబడితే చాలు, ఏరుతున్న పసుపు వదిలేసి బస్తాల వెనక ముడుచుకునేది. తర్వాత తనకే సిగ్గేసేది. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. పిరికిదైపోయిందని కొందరు నవ్వారు. ఆ మాట ఆమె కూడా నమ్మింది.

ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్ల మెదడు మీద తమ దవాఖానలో పరిశోధన జరుగుతోందని, ఇష్టమైతేనే రమ్మని, హైదరాబాద్‌లో నర్సుగా చేసే కూతురు ప్రవళిక చెప్పింది. భాగ్యవ్వ వెళ్లింది. పుస్తెలు, మెట్టెలు, తాయెత్తు తీయించి, సొరంగం లాంటి యంత్రంలో పడుకోబెట్టారు. చెవుల్లో ఒకసారి వాన చప్పుడు, ఒకసారి హారన్. ఓర్చుకోలేకపోతే నొక్కమని చేతికి రబ్బరు బంతి ఇచ్చారు. ఆమె నొక్కలేదు.

తర్వాత డాక్టర్ జ్యోత్స్న కంప్యూటర్‌లో బొమ్మ చూపించింది. బూడిదరంగు మెదడు లోపల, హారన్ మోగినప్పుడల్లా ఎర్రగా కనబడ్డ చిన్న చోటు.

"బాదం గింజంత ఉంటుందమ్మా. ఆపద వస్తోందని హెచ్చరించే వాటిలో ఇదొకటి. ఆ ప్రమాదం అయిపోయిందని దీనికింకా తెలియలేదు."

భాగ్యవ్వ తెర దగ్గరికి జరిగి చాలాసేపు చూసింది.

"గింతదేనా నన్ను గంతగనం ఉరికిచ్చింది? అయితే నేను పిరికిదాన్ని కానా?"

కాదంది డాక్టర్.

ఆ తర్వాత డాక్టర్ పంపితే, ఆరు నెలలు నిజామాబాద్‌లో కౌన్సెలర్ దగ్గర కూర్చుని ఆనాటి సంగతి మళ్లీ మళ్లీ చెప్పింది. మొదట్లో లారీ అన్న మాట దగ్గరే ఆపేసేది. చివరికి, చిన్నవ్వ తల తన భుజం మీద వాలిన క్షణం దాకా చెప్పగలిగింది. హారన్‌కు గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. కాళ్లు మాత్రం నిలబడుతున్నాయి.

రెండోసారి స్కానింగ్‌కు హైదరాబాద్‌కు ఒక్కతే బస్సులో పోయింది. ఆ రోజు డాక్టర్ ఇంకో బొమ్మ చూపించింది. ఒక్కరి బొమ్మతో ఏదీ తేల్చలేమని, ఇది నలభై మందివి కలిపి చేసిందని, అందులో ఆమెది కూడా ఉందని చెప్పింది.

ఏ ఊరివాళ్లో, ఎవరి మీద ఏం పడ్డదో. అందరి భయమూ అదే చోట వెలుగుతోంది. భాగ్యవ్వ తనకు తెలియకుండానే చేతులు జోడించింది.

"గీళ్లందరు ఇప్పుడు మంచిగున్నరా అమ్మా?" అనడిగింది.

కొందరు కోలుకున్నారని, మిగతావాళ్లు ఇంకా కౌన్సెలింగ్‌కు వెళ్తున్నారని డాక్టర్ చెప్పింది.