గట్టుకు అటు వాన, ఇటు ఎండ

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకముండేదో, నా గొంతు మీద అంతకు రెండింతలుండేది. బైబిలు కాలేజీ నుంచి బయటపడి బందరులో ఒక సంఘానికి అసిస్టెంట్ పాస్టరుగా చేరాను. (అసిస్టెంట్ పాస్టరంటే ప్రసంగం తప్ప మిగతావన్నీ చేసేవాడు. కుర్చీలు వేయాలి, మైకులో "హలో హలో" అనాలి, పెద్దయ్యగారి ప్రసంగం గంట దాటినా నిద్రపోకుండా "ఆమేన్" అనాలి.) రెండేళ్లు అలా గడిచాక పెద్దయ్యగారు పిలిచి, "కోడూరు వైపు మన చిన్న సంఘానికి పాస్టరు లేడు. వెళ్లి ప్రార్థనలు చేసి రా. అక్కడి పెద్దలిద్దరూ సరేనంటే ఆ సంఘం నీదే" అన్నారు. నాకు కాలు నేల మీద నిలవలేదు.

ఆ పెద్దలిద్దరూ బావా బావమరుదులు. ఒకాయనది వరి, ఇంకొకాయనది రొయ్యల చెరువు. మనసులోనే వరి మావయ్య, రొయ్యల మావయ్య అని పేర్లు పెట్టేసుకున్నాను. ఒకరి పేరెత్తితే ఇంకొకరు మాట మార్చేవారు, నేను పట్టించుకోలేదు. వెళ్లిన రోజు పొద్దున్నే వరి మావయ్య చేలోకి తీసుకెళ్లి, "కాలువ నీళ్లు మాదాకా రావట్లేదండీ అయ్యగారూ. నారు ఎండిపోతంది. వాన కోసం గట్టిగా ప్రార్థన చెయ్యండి" అన్నారు. గట్టిగా అంటే నాకు తెలిసిన అర్థం ఒక్కటే. "పైనున్న తూములన్నీ ఎత్తెయ్యి ప్రభువా!" అని అరిచేసరికి చేలో కొంగలన్నీ లేచిపోయాయి. ఆయన కళ్లు తుడుచుకుని, నాటుకోడి కూరతో భోజనం పెట్టించారు.

మధ్యాహ్నం రొయ్యల మావయ్య తన చెరువు గట్టు మీద నన్ను నిలబెట్టి, "వారంలో రొయ్యలు పట్టేస్తామండీ. ఇప్పుడు పెద్ద వాన పడిందా, రొయ్య మొత్తం చచ్చి తేలిపోద్ది. మబ్బు ఇటు రాకుండా చూడమని చెప్పండి ఆయనకి" అన్నారు, దేవుడు నా పక్క కుర్చీలోనే కూర్చుంటాడన్నట్టు. పొద్దుటి సంగతి గుర్తొచ్చింది గానీ, సంఘం మీది ఆశ దాన్ని పక్కకు నెట్టేసింది. "ఒక్క చుక్క రాలనివ్వకు ప్రభువా!" అని అందుకున్నాను.

"అయ్యగారూ!" అని కేక. ఒక కన్ను తెరిచి చూద్దును గదా, గట్టుకు అవతల పార పట్టుకుని వరి మావయ్య! (ఆయన చేను ఆ పక్కదేనని నాకేం తెలుసు? పొద్దున వేరే దారిన తీసుకెళ్లారు.) "పొద్దున మీరడిగిందేంటండీ, ఇప్పుడు అడుగుతున్నదేంటండీ?"

తెరిచిన కన్ను మళ్లీ మూసేశాను. కళ్లు మూసుకున్నంతసేపు ప్రార్థన సాగుతున్నట్టే లెక్క. "గట్టుకు అటు కురిపించు తండ్రీ, ఇటు ఆపు" అన్నాను.

"మరి గట్టు మీద?" అన్నారు రొయ్యల మావయ్య. "ఈ గట్టు నాదండీ."

"నీదెట్టా అయింది బావా? సగం నాది!" అన్నారు వరి మావయ్య.

పది నిమిషాల్లో వాన సంగతి పోయి, సర్వేయర్ని పిలిపించేదాకా వచ్చింది. నేను ఆమేన్ కూడా అనకుండా బండి తీశాను. అవనిగడ్డ దాటాక వాన పట్టుకుంది. ఎవరూ అడగని చోట, బందరు దాకా, నా ఒక్కడి కోసమే అన్నట్టు కురిసింది.

ఆదివారం పెద్దయ్యగారికి కోడూరు నుంచి ఫోన్. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన కాసేపు విని, నవ్వు ఆపుకోలేక స్పీకరు నొక్కారు. వరి మావయ్య గొంతు. "ఆరేళ్లుగా మా బావకీ నాకూ మాటల్లేవండీ. ఈయన పుణ్యమా అని తిట్టుకోవడం మొదలెట్టాం, తర్వాత కాఫీ తాగాం. కుర్రాణ్ణి పంపండి. రోగులకి ప్రార్థన చెయ్యమనండి, పెళ్లిళ్లకి చెయ్యమనండి. వాతావరణం జోలికి మాత్రం రావద్దనండి."

ఇప్పటికీ ఆ సంఘంలోనే ఉన్నాను. షరతు ఎప్పుడో సడలింది. ఎవరైనా వాన కోసం ప్రార్థన అడిగితే, ఫోన్లో మబ్బులెక్కడున్నాయో చూసుకుని మరీ కళ్లు మూసుకుంటాను. ఆ రోజు గట్టు మీద నిలబడ్డ ఆ కుర్రాడు, అదే నేను, తల ఎత్తి ఆకాశం వైపు కూడా చూడలేదు.