గడప ముందు ఎర్రనీళ్ళు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో నేను బెంగళూరు బళేపేటలో హైస్కూలు ఆఖరి తరగతి చదువుతున్నాను. అమ్మ పోయి ఏడాది దాటింది. నాన్న పొద్దున్నే బట్టల అంగడికి వెళ్తే దీపాలు పెట్టే వేళకు గానీ వచ్చేవారు కాదు. ఇంట్లో నేనూ, నా కెమిస్ట్రీ పుస్తకమూ. ఆమ్లాలు, క్షారాలు ఎంత బట్టీ పట్టినా నిలిచేవి కావు. పాఠం అప్పజెప్పించుకునే మనిషీ లేదు. చేసి చూస్తేనే గుర్తుంటుందని మా టీచరమ్మ అన్న మాట పట్టుకుని, ఒకరోజు పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి సున్నం కలిపాను. క్షారం తగలగానే నీళ్ళు ఎర్రబడ్డాయి. రంగు బాగా కనిపించాలని పళ్ళెం తెచ్చి వెలుతురులో, గడప ముందు పెట్టాను.

పుస్తకం తెచ్చుకునేలోగా ఎదురింటి మునెమ్మక్క, ఆమె వెనకే వీధిలోని ఆడవాళ్ళు వచ్చేశారు.

“ఏమ్మా, హారతి నీళ్ళు కలిపి పెట్టుండావే! మీ నాయన పెండ్లి చేసుకొనొస్తా ఉండాడా? కొత్తమ్మ ఏదీ?”

అందరూ వీధి మొగదల వైపు తిరిగి చూశారు. సిగ్గుతో లోపలికి పరుగెత్తి నిమ్మచెక్క తెచ్చాను. గబగబా పళ్ళెంలో పిండాను. ఎరుపు పోయి మళ్ళీ పసుపు తేలింది.

“పరీక్షకు చదువుకుంటా ఉండాను అక్కా” అన్నాను. నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

పరీక్షలో క్షారాల ప్రశ్న వస్తే తడుముకోకుండా రాశాను. కానీ ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఒకటుంది. వాళ్ళు వీధి వైపు చూసినప్పుడు, ఎవరూ రావడం లేదని తెలిసీ, నేనూ చూశాను.