నాయన ఏరిన పచ్చ పురుగులు

ఇరవై నాలుగు కప్ కేకులున్నాయి మా ఇంట్లో, ఎవరికన్నా కావాలంటే వచ్చి తీసుకుపోండి. నిన్న మా పాప పుట్టినరోజుకు చేసినవి. ఒక్కటంటే ఒక్కటి ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకో చెప్తా, ముందు ఆ టీ ఇట్లియ్యండి. నిలబడే ఓపిక కూడా లేదు నాకు.

మా హర్షితకు ఏడేళ్లు నిండినాయి. దానికి పురుగుల పిచ్చి. దసరా సెలవులకు మా పుట్టింటికి, కొనకనమిట్ల పోయి, మా నాయన కంది చేలో వారం రోజులు తిరిగి, వచ్చేటప్పుడు టిఫిన్ బాక్సులో పచ్చ పురుగును పెట్టుకొని వచ్చిన పిల్ల అది. పుట్టినరోజుకు ఏం కావాలే అంటే "పురుగుల కేకులు" అనింది. గిద్దలూరులో ఒక బేకరీలో అడిగితే, ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి "గులాబీ పూలు వేసిస్తా మేడం" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే ఒకటే ఏడుపు. అప్పటికే క్లాసులో అందరికీ "మా ఇంటికి రండి, పురుగులు తినిపిస్తా" అని చెప్పేసిందంట! పన్నెండు మంది వస్తున్నారంట! సరే ఏడవబాక, నేనే చేస్తాలే అన్నా. ఆ మాట అన్నప్పుడే నా నోటికి తాళం వేసుకోవాల్సింది.

మాకు ఓవెన్ లేదు. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, విజిల్ తీసేసి, ఆరు చొప్పున నాలుగు వాయిలు. ఫోన్ వీడియోలో ఎవరో అమ్మాయి నవ్వుతా పది నిమిషాల్లో చేసి పడేసింది. నేను పొద్దున ఆరింటికి మొదలుపెడితే పదకొండైంది, అదీ ఉత్త కేకులకే. తర్వాత పురుగులు. కోవాలో రంగు కలిపి తేనెటీగలు చేస్తే రెక్కలు ఊడినాయి. ఎర్ర పురుగులు చేస్తే బొట్టుబిళ్లల్లాగ వచ్చినాయి. మా ఆయన వంటింట్లోకి తొంగిచూసి "ఇవేంది, పకోడీలా?" అని అడిగి పోయినాడు. చివరికి పచ్చ పురుగు ఒక్కటే కుదిరింది. చిన్న చిన్న కోవా ఉండలు ఐదు వరసగా అతికించి, నల్ల నువ్వులతో కళ్లు పెట్టినా. హమ్మయ్య అనుకుంటే, హర్షిత నడుం మీద చేతులు పెట్టుకొని వచ్చింది.

"అమ్మా, కాళ్లేవి?"

"కోవా పురుగుకు కాళ్లెందుకే?"

"ముందర ఆరు ఉంటాయి. వెనక బుడిపెల్లాగ ఉంటాయి. నడుస్తుంటే వీపు ఇట్ల లేస్తుంది."

ఇరవై నాలుగు పురుగులకు కాళ్లు పెట్టినా. వీపులు లేపినా. పక్కన తెల్ల చక్కెర పూసలు నాలుగేసి, అవి గుడ్లంట. మూడైంది. మెడ పట్టేసింది. కానీ అన్నీ బల్ల మీద వరసగా పెట్టి చూస్తే, అబద్ధమెందుకు, నాకే ఒళ్లు జలదరించింది. హర్షిత గట్టిగా వాటేసుకొని "మా అమ్మ సూపర్" అనింది. ఆ ఒక్క మాటకు సగం నొప్పి పోయింది.

అప్పుడే మా నాయన మార్కాపురంలో బస్సు మారి వచ్చినాడు. కంది ఇప్పుడు పూత మీద, పిందె మీద ఉంది కదా, వారం నుంచి ఆయనకు చెట్లు దులపడం, రాలిన పురుగులు ఏరడం తప్ప వేరే పని లేదు. దానికి తోడు రెండు కళ్లకూ పొరలు. ఆపరేషన్ చేయించుకో నాయనా అంటే "కందులు ఇంటికి రానీ" అంటాడు. మూడేళ్లుగా ఇదే మాట.

నేను పాపకు జడలేస్తా లోపలి నుంచే అరిచినా. "నాయనా, బల్ల మీద పిల్లల కేకులున్నాయి. చీమలు గీమలు పట్టకుండా కాస్త చూస్తుండు!"

"నేను చూసుకుంటాలే పోమ్మా."

తప్పు నాదే. వారం రోజులు పురుగులు ఏరి ఏరి వచ్చిన మనిషిని, అవి ఏం కేకులో చెప్పకుండా కాపలా పెట్టినా!

జడలేసి, కొత్త గౌను తొడిగి, పావుగంటకు బయటికి వస్తుంటే నాయన గడప దగ్గరే ఎదురొచ్చినాడు. చేతిలో చెంబు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించినాడు.

"అమ్మా, నీ కేకులకు పురుగు పట్టింది."

"ఏందీ, పురుగా?" అన్నా.

"ఒక్కదానికి కాదు, అన్నిటికీ. గుడ్లు కూడా పెట్టినాయి. నువ్వేం దిగులు పడబాక. ఒక్కటి మిగల్చకుండా ఏరి సబ్బు నీళ్లలో వేసినా. రెండు కింద పడితే తొక్కినా." ఇంకా గొంతు తగ్గించి, "మీ ఆయనకు చెప్పబాక. నీకూ నాకూ తెలిస్తే చాలు."

చెంబులోకి చూసినా. పచ్చటి నురగ. దాని మీద నువ్వు గింజలు తేలుతున్నాయి.

ఏమంటారు చెప్పండి? కూతురి పరువు కాపాడినానని ఆ ముఖంలో ఎంత తృప్తో! "అది కోవా నాయనా" అంటే ఆ ముఖం ఏమైపోతుంది? గోడకు ఆనుకొని నిలబడినా. ఏడుపొచ్చింది, నిజంగానే. ఐదింటికి పన్నెండు మంది వస్తారు, నా బిడ్డ వాళ్లకు ఏం చూపిస్తుంది?

హర్షిత వచ్చి చూసింది. అన్నిటికీ వేళ్ల గుంటలు పడి, బోడి కేకులు. కింది పెదవి వణికింది. చెంబును చూసింది, తాతను చూసింది. నా చున్నీ పట్టి లాగి చెవిలో అడిగింది.

"అమ్మా, తాత నిజం పురుగులే అనుకున్నాడా?"

"అవునే."

"కాళ్లు పెట్టినందుకే!" అని ఎగిరి గంతేసింది.

ఇంక ఆగుతుందా? పిల్లలు గేటు దగ్గరికి రాగానే పరిగెత్తింది. "మా కేకులకు పురుగులు పట్టినాయి! మా తాత ఏరినాడు! రండి చూద్దురు!" చెంబు చుట్టూ పన్నెండు తలకాయలు. వెనకాల దింపడానికి వచ్చిన తల్లులు.

"అయ్యో, అట్లేం లేదండీ, అది కోవా" అన్నా.

"కోవాకు పట్టిందా?" అనింది ఎదురింటి సుబ్బమ్మక్క.

ఇంక దాచి లాభం లేదనుకున్నాడేమో, నాయన నా తరఫున సాక్ష్యానికి దిగినాడు. "పచ్చ పురుగే తల్లీ. మా అమ్మాయి తప్పేం లేదు. ఈ కార్తెలో అది దేన్నీ వదలదు." అయిపోయింది! తల్లులందరూ పిల్లల చేతులు గట్టిగా పట్టుకున్నారు.

మా ఆయన పరిగెత్తి సమోసాలు, అరటిపండ్లు తెచ్చినాడు. కొవ్వొత్తి బోడి కేకు మీదే వెలిగించినాం. పిల్లలు మాత్రం నాయనను వదల్లేదు. పురుగు ఎండకు ఎక్కడ దాక్కుంటుంది, కాయలోకి తల ఎట్ల దూరుస్తుంది, కాకులు ఎట్ల ఏరుకుతింటాయి అని ఏడింటి దాకా ఒకటే ప్రశ్నలు. అందరూ పోయినాక హర్షిత "తాత వల్ల నా బర్త్‌డే భలే అయింది" అనింది. మరి పొద్దున ఆరింటి నుంచి నేను చేసిందేంది?

ఈ పొద్దున సుబ్బమ్మక్క వచ్చింది. చేతిలో కొత్త జల్లెడ. "ఏమనుకోబాక చెల్లెలా. మైదాకు తొందరగా పురుగు పడుతుంది. జల్లించుకోకపోతే ఇట్లనే అవుతుంది."

రోషం పొడుచుకొచ్చింది. "అక్కా, అసలు ఏం జరిగిందంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయినా. గమ్మున చేయి చాపి తీసుకున్నా. ఎందుకంటే, మీరెవరికీ చెప్పనంటే చెప్తా, నేను పిండి జల్లించలేదు. మా ఇంట్లో అసలు జల్లెడే లేదు.