సారవ్వ నెత్తిన లేచిన బొక్క

రామగుండం రైల్వే సైడింగులో బొగ్గు తట్టలు మోసే ఆడవాళ్లలో సారవ్వ నడకే వేరు. రెండు చేతులూ వదిలేసి, ఊగే పలక మీదుగా వ్యాగన్ ఎక్కేది. 1968 ఎండాకాలంలో ఆమె నడినెత్తికి కొంచెం ఎడమగా రేగుపండంత బుడిపె తేలింది. తట్ట బరువుకు కాయ కాసిందనుకొని తట్ట కింద పెట్టుకునే సుట్టబట్ట పక్కకు జరిపి మోసింది. రెండేళ్లకు అది నిమ్మకాయంతయింది. తట్ట దించగానే సలిపేది.

పక్కింటి లస్మవ్వ పేలు చూస్తూ, వేళ్లకు ఎముకలా గట్టిగా తగిలేసరికి ఉలిక్కిపడింది.

"ఇదేందక్కా, బొక్కే లేసింది! బావకు చెప్పినవా?"

"చెప్తె పని మాన్పిస్తడు. నోరు మూస్కో."

లస్మవ్వ మూసుకోలేదు. గని నుంచి వచ్చిన రాయమల్లు పెళ్లాన్ని తిట్టి, మర్నాడే దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "ఎముకలో పొద్దుకిరణాల్లా గీతలున్నాయి. చెడ్డ గడ్డ కావచ్చు, కాకపోవచ్చు. తీసి పరీక్ష చేస్తేగాని చెప్పలేం. హైదరాబాద్ పోండి."

రాయమల్లుకు 'చెడ్డ గడ్డ' అన్న మాటొక్కటే వినబడింది. ఆ రాత్రే పెళ్లాంతో హైదరాబాద్ రైలెక్కాడు.

అక్కడి పెద్ద డాక్టరు విడమరిచి చెప్పాడు. "గడ్డను గీకితే నెత్తురు ఆగదు. చుట్టూ మంచి ఎముకతో సహా బిళ్లలాగా కోసి తీస్తాం."

"మల్ల తట్ట ఎత్తుత గద సారూ?" అంది సారవ్వ.

"ముందు నువ్వు బతకాలి తల్లీ."

ఆపరేషనయ్యాక రిపోర్టుకు పదకొండు రోజులు పట్టింది. రాయమల్లు వార్డు వరండా విడిచి కదల్లేదు. అది క్యాన్సర్ కాదనీ, ఎముకలో నెత్తురు నరాలు అల్లుకుని పెరిగిన అరుదైన గడ్డ అనీ, మొత్తం వచ్చేసిందనీ చెప్పగానే నేల మీద కూలబడి బోరున ఏడ్చాడు.

సారవ్వ కంట నీరు రాలేదు. కట్టు విప్పినప్పుడు వేలితో తడిమి చూసుకుంది. తోలు కింద ఎముక లేదు. దగ్గితే అక్కడ మెత్తగా పైకి లేస్తోంది. ఇక జన్మలో నెత్తిన బరువు పెట్టవద్దన్నారు.

నాలుగు నెలలకు ఆగలేక సైడింగుకు పోయింది. మేస్త్రి నర్సింగం అడ్డం నిలబడ్డాడు. "వద్దక్కా, ఏమన్నైతె ఎవలు జవాబియ్యాలె? గా కుప్ప కాడ కూసోని రాళ్లేరు."

సారవ్వ కూర్చుంది. బొగ్గులో రాళ్లు ఏరుతుంటే తోటివాళ్లు తట్టలతో ఆమె ముందు నుంచే వరసగా పోయారు. వాళ్లలో ఒకామె ఆగి, "గండం గడిచింది, అదే పదివేలు" అంది.

"అవును," అంది సారవ్వ. తలెత్తకుండా ఏరుతూనే ఉంది.