ఎల్లేశం రెప్పపాటు

గోదావరిఖనిలో రాజం అంటే అందరి నోటా ఒకటే మాట. బొగ్గుబాయిలో బ్లాస్టింగు చేసేటప్పుడు రెప్ప కొట్టడని. ముప్ఫై ఏళ్లు షాట్‌ఫైరరుగా బొగ్గు పేల్చిన మనిషి. రిటైరయ్యాక చాయ్ హోటల్లో ఆ గొప్ప ఆయనే చెప్పుకునేవాడు, వద్దన్నా వినిపించేవాడు.

కొడుకు ఎల్లేశం సైన్యంలో చేరి గన్నరయ్యాడు. శత్రువు జాడ ముందుగా వెళ్లి చూసొచ్చే ఉక్కు బండిలో ఫిరంగి అతని చేతిలో ఉండేది. పులి కడుపున పులే పుడుతుందని వాడకట్టంతా మురిసింది. పాపం, వాళ్లకేం తెలుసు!

2008 చలికాలం. రాజస్థాన్ ఇసుకలో అసలు గుండ్లతో కాల్పులకు ఒక్కరోజే ఉంది. గొట్టం తుడవడం, గుండ్లు సర్దడం, గురి సరిచూడడం, అన్నీ ఎల్లేశం కళ్లకద్దుకుని చేశాడు. కానీ చిన్న తూటాలతో సాధన చేస్తుంటే, మీట నొక్కగానే కళ్లు వాటంతటవే మూతపడుతున్నాయి. గుండు ఎక్కడ పడిందో చూస్తేనే కదా రెండోది సరిచేసి వేసేది! హవల్దారు పసిగట్టాడు. రేపు రెండు గుండ్లలో ఒక్కటైనా తగలకపోతే సీటు ఇంకొకరిదని తేల్చేశాడు.

సాయంత్రం ఎల్లేశం ఇంటికి ఫోన్ చేశాడు.

"బాపూ, పేల్చంగనే నాకు కండ్లు మూతపడుతున్నయి. సీటు నేనే వదిలేస్త."

రాజం గొంతు తగ్గించి చెప్పాడు.

"నేను గూడ ముప్ఫై ఏండ్లు మూసుకున్న బిడ్డా. గా చీకట్ల ఎవడు చూసిండు? మూస్తే మూసినవ్ గని, జల్ది తెరువు. ఫికర్ చెయ్యకు."

ఎల్లేశానికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తండ్రి మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టింది.

మర్నాడు మొదటి గుండుకు కళ్లు మూతపడ్డాయి. వెంటనే తెరిచాడు. గురిబొమ్మకు కుడిపక్కన ఇసుక లేస్తోంది. ఫిరంగిని కాస్త ఎడమకు జరిపి రెండోది పేల్చాడు. బొమ్మ తునకలైంది. సీటు దక్కింది.

సెలవులకు వచ్చి తండ్రితో హోటల్లో కూర్చుంటే, పాత కార్మికుడు బుచ్చన్న అడిగాడు.

"మీ బాపు రెప్ప కొట్టెటోడు కాదు. నీ సంగతేందిరా?"

"బాపంత ధైర్యం నాకేడిది కాకా? నేనైతే కండ్లు మూసుకుంట."

హోటలంతా నవ్వింది. రాజం మాత్రం నవ్వలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. లేచేదాకా తీయలేదు.