రసీదుల సంచీ, మా ఆయన స్కూటరు

చదువుకున్నదాన్ని, నోరున్నదాన్ని. అయినా సంచీడు రసీదులతో మా ఆయన స్కూటరును ఎలా ముంచానో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అనుకున్నా మీకు వినపడదు.

మేముండేది లింగంపల్లి. కొత్తగూడలో మాకున్న ఫ్లాటు నాలుగేళ్ల కిందట ఖాళీ అయింది. కొత్త స్కూటరు కోసం మా ఆయన దాచుకున్న డబ్బంతా తీసి దానికి ఖరీదైన రంగులు, గీజరు, వంటింటి అరలు పెట్టించేశాను. అద్దె ఇంటి మరమ్మతు ఖర్చు ఆదాయపు పన్ను లెక్కలో తీసేస్తారని, ఆ డబ్బు తిరిగి మన చేతికే వస్తుందని నా సొంత శాస్త్రం.

"ఆడిటరును ఓ మాట అడగరాదూ?" అన్నారాయన.

"ఇంత చిన్నదానికి ఫీజు దండగ. మీ స్కూటరు ప్రభుత్వమే కొనిస్తుంది, చూస్తూ ఉండండి."

రంగులవాడు తాగిన టీకి కూడా చీటీ రాయించుకున్నాను.

అద్దెకొచ్చినవాడు కర్నూలు కుర్రాడు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్. ఆస్తిపన్ను కూడా అతని నెత్తినే వేశాను.

"అది ఇంటివాళ్లే కడతారు గదక్కా, యాడైనా."

"యాడైనా కట్టనీ నాయనా, ఇక్కడ నువ్వు కట్టు."

రెండు గంటల వాదన తర్వాత పాపం, తల వంచి సంతకం చేశాడు. యుద్ధం గెలిచినదానిలా ఇంటికొచ్చాను.

రిటర్ను వేసే రోజున మా ఆయన్ని వెంటబెట్టుకెళ్లి ఆడిటరు బల్ల మీద సంచీ బోర్లించాను. ఆయన టీ చీటీని వెలుతురుకు పెట్టి చూశాడు.

"గివన్నీ ఎందుకు తెచ్చిన్రు మేడం? రిపేర్ల కింద కిరాయిల ముప్పై శాతం సర్కారే తీసేస్తది. మీరు లక్ష పెట్టినా గంతే, మేకు కొట్టకున్నా గంతే."

"రసీదులున్నాయి కదండీ!"

"మంచిగున్నయి. ఇంట్ల పెట్టుకోండ్రి." జాలిపడ్డాడేమో, మళ్లీ అడిగాడు. "ఆస్తిపన్ను కట్టిన్రు కదా? మీరు కట్టింది మాత్రం పూరాగ తీసేస్తరు."

నేను నోరు మూసుకున్నాను. మా ఆయన ఆ దృశ్యాన్ని తనివితీరా చూశారు. పెళ్లయ్యాక అదే మొదటిసారి మరి.

అందుచేత, ఆ రంగుల డబ్బాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పన్నుల గురించి ఇక నోరెత్తను. ఆయనా ఏమీ అనరు. రోజూ పొద్దున బాల్కనీ కింద ఆ పాత స్కూటరును పదకొండు తన్నులు తంతారు. ప్రతి తన్నుకూ ముందు తలెత్తి నన్నొకసారి చూస్తారు, అంతే.