మొదటి వైపు చివర మిగిలిన టేపు

నాకు ఇప్పటికీ ఒక జబ్బు ఉంది. బస్సులోనో పెళ్ళి పందిట్లోనో ఒక పాత పాట అయిపోతుంటే, దాని వెనకాల రావలసిన పాట నా నోట్లో ముందే మొదలవుతుంది. ఆ రెంటికీ సంబంధమే ఉండదు. ఒకటి పెళ్ళి పాట, ఇంకోటి ఏడుపు పాట, సినిమాలు కూడా వేరు. కానీ మా ఇంట్లో ఉన్న క్యాసెట్టులో అవి పక్కపక్కన ఉండేవి.

ఒకే సంగీత దర్శకుడి పాటలు, ఆయన సినిమాల్లోంచి ఏరి కూర్చినవి. కవరు మీద ఆయన ఫోటో, కింద పాటల పట్టిక. అన్న దుబాయి పోయేముందు జగిత్యాలలో కొని తెచ్చాడు. అప్పటిదాకా సిరిసిల్లలో సాంచల మీద పనిచేశాడు. మరమగ్గాలను అక్కడ సాంచలనే అంటారు. ఆ చప్పుడులో పాట కాదు కదా, పక్కవాడి కేక కూడా వినపడదు. నెలలో సగం రోజులు సాంచలు ఆగిపోవడం మొదలయ్యాక, ఏజెంటును పట్టుకుని వీసా తెచ్చుకున్నాడు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. కోరుట్లలో అద్దె ఇంట్లో అమ్మా, నేనూ, ఒక టేపు రికార్డరూ మిగిలాం.

అమ్మ బీడీలు చేసేది. చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఒక వైపు పాటలు అయ్యేలోపు కట్ట పూర్తి చేయాలని తనతో తనకే పందెం. మూడో పాట బాగా నెమ్మది.

"గీ పాట నా చేతులను పండవెడుతది, ముందుకు జరుపు" అనేది.

నేను జరపను. టేపు సాగుతుందని నా భయం. స్పిరిటులో ముంచిన దూదితో హెడ్డు తుడిచి, క్యాసెట్టును డబ్బాలో పెట్టి, డబ్బాను బట్టల కింద దాచేదాన్ని. "గాయన నీకేమన్న మేనమామనా?" అని కవరు మీది ఫోటో చూపించి అమ్మ ఆట పట్టించేది.

గల్ఫ్‌కు పోయినవాళ్ళ ఇళ్ళల్లో అప్పుడు క్యాసెట్లే ఉత్తరాలు. సెలవుకొచ్చి తిరిగిపోయేవాడి చేతిలో మన మాటలు నింపి పెడితే, ఇంకెవరో వచ్చేటప్పుడు అది అవతలివాళ్ళ మాటలతో తిరిగొచ్చేది. ఒకరోజు మధ్యాహ్నం రుద్రంగి నుంచి అన్న స్నేహితుడు వచ్చాడు.

"అమ్మా, మూడు గంటలకు బొంబాయి బస్సు. ఏమన్న ఇచ్చేదుంటే ఇయ్యిండ్రి."

ఆ రోజు బజారంతా బంద్. ఖాళీ క్యాసెట్టు దొరికే దారి లేదు.

"గా పాటల దాంట్లనే మాట్లాడుత" అంది అమ్మ.

నాకు ప్రాణం పోయినంత పనైంది. "పాటలు చెరిగిపోతయమ్మా! మొదటి దిక్కు ఆఖరుకు జాగ ఉన్నది, గాడ మాట్లాడు. సాలుతది."

చాలదని నాకు తెలుసు. చివరి పాట తర్వాత మిగిలిన టేపు మూడు నిమిషాలకు మించదు. ఆ మాట అమ్మకు చెప్పలేదు. క్యాసెట్టు నెత్తిన, కొత్త మాటలు ఎక్కకుండా ఉంచే బొక్కల్లో కాగితం కూరి, పాట అయిపోయిన చోటు చూసి, రెండు మీటలు కలిపి నొక్కాను. అమ్మ నన్ను బయటికి పంపి తలుపు దగ్గరికేసుకుంది. పావుగంటకు కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది. టేపు అయిపోయి మీట ఎప్పుడో పైకి లేచి ఉంది. నేను చూశాను, ఏమీ అనలేదు. పాటలు విన్నాక తిరిగి పంపమని మాత్రం గట్టిగా చెప్పి, ఆ స్నేహితుడి చేతిలో పెట్టాను.

నెలన్నరకు అన్న ఉత్తరం వచ్చింది. అమ్మకు చదివి వినిపించాను. "అమ్మా, నీ గొంతు విన్న. అందరు మంచిగున్నరంటే సంతోషమైంది. ఇంకో రెండేండ్లు ఉంటనని కాగితం రాసిచ్చిన."

"ఇంకేం రాసిండు?"

"గంతే."

అమ్మ చాట పక్కన పెట్టి లేచిపోయింది.

ఆమె చూపు సంగతి నాకు ఆ తర్వాతే తెలిసింది. దారం కట్టే చోటు తప్పుతోంది, కార్ఖానాలో ఆమె బీడీలు పక్కకు తీసేస్తున్నారు. కంటి నరం ఎండిపోతున్నదని, ఉన్న చూపు కూడా నిలవదని కరీంనగర్ డాక్టరు చెప్పాడట. పక్కింటామెను వెంటబెట్టుకుని ఎప్పుడు పోయొచ్చిందో మరి. అన్నకు రాస్తానని నేను కాగితం తీశాను.

"రాయకు. వానికెరుకనే. టేపుల అన్ని చెప్పిన. ఇన్నడు, రాలేదు. మల్ల బతిమాలుకునుడేంది?"

నాకూ ఒళ్ళు మండింది. ఆ రెండేళ్ళూ అన్నకు పొడిపొడి ఉత్తరాలే రాశాను. మూడు నిమిషాల సంగతి గుర్తు రాలేదా అంటే, వచ్చింది. అంత పెద్ద మాట ముందే చెప్పి ఉంటుందిలే అని సర్దుకున్నాను.

అన్న వచ్చేసరికి అమ్మకు మనుషులు నీడల్లా కనపడుతున్నారు. ఆమె తడుముకుంటూ ఎదురు రావడం చూసి అన్న గడపలోనే కూలబడిపోయాడు. "ఒక్క మాటన్న రాయకపోతిరి గదా!"

"టేపుల చెప్పలేదారా?" అంది అమ్మ.

అన్న సూట్‌కేసులోంచి, తిరిగి పంపకుండా దాచుకున్న ఆ పాటల క్యాసెట్టు తీసి టేపు రికార్డరులో పెట్టాడు. చివరి పాట అయిపోయింది, అమ్మ గొంతు మొదలైంది. "కొడుకా, మంచిగున్నవా? యాళ్ళకు తింటున్నవా? పక్కింటోళ్ళ బర్రె ఈనింది, జున్ను తిన్నం. మీ పెద్దమ్మ కోడలు నీళ్ళోసుకున్నదట. చెల్లె మంచిగ సదువుకుంటంది. మా రంది పెట్టుకోకు, అందరం మంచిగున్నం." అంతే, మీట టక్కున లేచింది.

మా వైపు ఎవరూ కష్టాన్ని ముందు చెప్పరు. ఊరందరి మంచిచెడ్డలూ అయ్యాక, లేచేముందు అసలు మాట తీస్తారు. అమ్మ కూడా అలాగే మాట్లాడింది.

"గాడనే ఆగిందా?"

"అవునమ్మా."

"ఒక్కపారి వచ్చి మొఖం చూపించి పోరా, మల్ల నాకు కనవడదు అని చెప్పిన కొడుకా. గదంత తర్వాతనే చెప్పిన." రెండు చేతులతో అన్న ముఖం తడుముతూ, "రెండేండ్లు నిన్ను తిట్టుకున్న" అని ఏడ్చింది.

ఇక దాచుకోలేకపోయాను. "జాగ సాలదని నాకు ఎరుకనే అమ్మా. పాటలు పోతయని చెప్పలే."

అన్న తలెత్తి నన్ను చూశాడు. తిట్టినా కొట్టినా పడదామనే నిలబడ్డాను. అమ్మ నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

"మంచి పాటలే గద బిడ్డా" అంది.